వార్షిక నివేదిక 2025: ముందే వేసుకున్న ప్లాన్‌తో గడిచిన పరిశీలన రాత్రులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన ఆకాశ పరిశీలన సంఘం పనిలో పెద్ద భాగం పగటిపూటే జరిగింది. కొత్త టెలిస్కోపులు ఏవీ కొనలేదు. ఉన్నవాటితోనే ఏ రాత్రి ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో, ఏ ఐపీస్‌తో (టెలిస్కోప్‌లో కన్ను ఆనించి చూసే కటకం) చూడాలో ముందుగానే కంప్యూటర్ మీద తేల్చుకుని బయల్దేరడం అలవాటు చేసుకున్నాం. దాని ఫలితం పరిశీలన పుస్తకాల్లో స్పష్టంగా కనిపిస్తోంది. జమాఖర్చుల పత్రం విడిగా పంపించాం కాబట్టి ఇక్కడ పరిశీలనల సంగతే రాస్తున్నాను.

ఉమ్మడి ప్రణాళికకు స్టెల్లేరియం అనే ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్ వాడాం. అది ఉచితం, విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. కొందరు కేస్టార్స్, మరికొందరు కార్ట్ డు సియెల్ వాడుతున్నారు. కాగితం మీద ప్రింట్ తీసే పటాలకు కార్ట్ డు సియెల్ బాగుంటుందని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ఆ రాత్రి జాబితా మాత్రం అందరికీ ఒకటే ఉండాలని సంఘం నిర్ణయించింది.

జాబితా వరుస

ఇదివరకు జాబితాలు ప్రకాశాన్ని బట్టి తయారయ్యేవి. బాగా మెరిసేవి ముందు, మసకగా ఉండేవి తర్వాత. ఈ ఏడాది ఆ పద్ధతి మార్చి, అస్తమించే సమయాన్ని బట్టి పేర్చాం. పడమట దిగిపోతున్నవి ముందు, తూర్పున పైకి వస్తున్నవి తర్వాత. నక్షత్రాలు ప్రతిరోజూ సుమారు 4 నిమిషాలు ముందే ఉదయిస్తాయి. నెల గడిచేసరికి ఆ తేడా 2 గంటలవుతుంది. అందుకే గత నెల ప్లాన్‌ను తేదీ మార్చి వాడుకోవడం కుదరదు, ప్రతి అమావాస్యకూ కొత్తగా లెక్క వేయాల్సిందే. స్టెల్లేరియంలో ఎత్తును గంటల వారీగా చూపే గ్రాఫ్ ఈ పనికి బాగా ఉపయోగపడింది.

సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీల కిందికి దిగాకే పూర్తి చీకటి వచ్చినట్టు లెక్క. గెలాక్సీలను, మసక నీహారికలను దాని తర్వాతే పెట్టాం. సంధ్య వెలుగులో వృథాగా పోయే సమయాన్ని జంట నక్షత్రాలకు, గ్రహాలకు కేటాయించాం. ఏ ఆబ్జెక్ట్ అయినా కనీసం 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడే చూడాలన్నది మన నియమం. ఆ ఎత్తులో దాని కాంతి నడినెత్తిన ఉన్నప్పటికంటే రెట్టింపు గాలిని దాటి రావాలి. అంతకంటే కిందికి వెళ్తే నష్టం చాలా త్వరగా పెరుగుతుంది. అలాగని సరిగ్గా నడినెత్తిన ఉన్నదాన్ని డాబ్సోనియన్‌తో (నేల మీది పీఠంపై చేత్తో తిప్పే టెలిస్కోప్) పట్టుకోవడమూ కష్టమే. అందుకే అలాంటివాటిని నడినెత్తికి చేరడానికి గంట ముందో, గంట తర్వాతో పెట్టాం.

ఈ నియమానికి మినహాయింపులు ఉన్నాయి. ఒమేగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం దక్షిణాన 47 డిగ్రీల క్రాంతిలో (ఖగోళ మధ్యరేఖ నుంచి కొలిచే కోణం) ఉంటుంది. 20 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నవారికి అది ఎప్పటికీ 23 డిగ్రీలు దాటి పైకి రాదు. ఎత్తు తక్కువని వదిలేసుకునే ఆబ్జెక్ట్ కాదది! ఇలాంటి వాటికి సాఫ్ట్‌వేర్ ఫిల్టర్‌ను నమ్ముకోకుండా మనమే చేత్తో జాబితాలో చేర్చుకోవాలి.

అంకెలు చెప్పని విషయం

కొత్త సభ్యులు ఈ భాగం తప్పకుండా చదవాలి. మాగ్నిట్యూడ్ అంటే ప్రకాశాన్ని చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ప్రకాశం ఎక్కువ. మెస్సియే జాబితాలోని (గుచ్ఛాలు, నీహారికలు, గెలాక్సీల జాబితా, 'ఎం' అంటే అదే) ఎం33 గెలాక్సీ మాగ్నిట్యూడ్ 5.7, ఎం57 వలయ నీహారిక మాగ్నిట్యూడ్ 8.8. కేటలాగ్ ప్రకారం ఎం33 నుంచి వచ్చే మొత్తం కాంతి సుమారు 17 రెట్లు ఎక్కువ. కానీ టెలిస్కోప్ దగ్గర అనుభవం దీనికి పూర్తిగా భిన్నం. ఎం33 కాంతి నిండు చంద్రుడి వెడల్పుకు రెట్టింపు పైగా పరుచుకుని ఉంటుంది. కాస్త కాంతి కాలుష్యం ఉన్నా అది నేపథ్యంలో కలిసిపోతుంది. ఎం57 ఒక్క ఆర్క్‌మినిట్‌కు (డిగ్రీలో 60వ వంతు) కాస్త పైన ఉండే చిన్న వలయం. కాంతి అంతా అక్కడే కుదురుకుని ఉంటుంది కాబట్టి చిన్న టెలిస్కోప్‌లోనూ, మోస్తరు వెలుగున్న ఆకాశంలోనూ దొరుకుతుంది.

కాబట్టి మాగ్నిట్యూడ్ పక్కన ఆబ్జెక్ట్ పరిమాణం, ఉపరితల ప్రకాశం కూడా చూడమని అడుగుతున్నాను. ఈ ఏడాది ఉమ్మడి జాబితాలో ఆ రెండు వరుసలూ చేర్చాం. "సాఫ్ట్‌వేర్‌లో అంత పెద్దగా ఉంది, నాకెందుకు కనిపించడం లేదు?" అని కొత్తవాళ్లు నిరుత్సాహపడటం దీంతో బాగా తగ్గింది.

ఐపీస్‌లో ఎంత ఆకాశం కనిపిస్తుందో తెలుసుకోవడం కూడా అంతే ముఖ్యం. 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (నాభ్యంతరం) ఉన్న టెలిస్కోప్‌కు 25 మి.మీ. ఐపీస్ పెడితే 48 రెట్లు పెద్దది చేస్తుంది. ఆ ఐపీస్ సొంత వీక్షణ కోణం 50 డిగ్రీలైతే, మనకు కనిపించే ఆకాశం 1 డిగ్రీకి కాస్త పైన. ఈ వివరాలను స్టెల్లేరియంలోని ఆక్యులర్స్ ప్లగిన్‌లో నింపితే తెర మీద అదే వృత్తం కనిపిస్తుంది. న్యూటోనియన్‌లో (అద్దాలతో పనిచేసే టెలిస్కోప్) బొమ్మ తలకిందులవుతుంది, డయాగొనల్ (ఐపీస్ ముందు కాంతిని మళ్లించే అద్దం) పెట్టిన టెలిస్కోప్‌లో కుడి ఎడమలు మారతాయి. పటాన్ని కూడా అలాగే తిప్పుకుంటే నక్షత్రం నుంచి నక్షత్రానికి వెళ్లేటప్పుడు తడబడాల్సిన పనిలేదు. కన్యారాశి గెలాక్సీల గుంపులో దీని విలువ బాగా తెలిసింది. ఎం84, ఎం86 రెండూ ఒకే వృత్తంలో పడతాయి. అక్కడి నుంచి గెలాక్సీల గొలుసు పట్టుకుని పోవడానికి సరైన దిశలో ఉన్న పటం లేకపోతే ఎంత అనుభవం ఉన్నవారైనా దారి తప్పుతారు.

క్షితిజం కొలిచిన పని

మనం వాడే స్థలంలో చెట్లు, గోడలు ఏ దిశలో ఎంత ఎత్తు వరకు అడ్డొస్తాయో సభ్యులు దిక్సూచి, ఫోన్‌లోని కోణమాపకం పట్టుకుని కొలిచారు. ఆ అంకెల జంటలను టెక్స్ట్ ఫైల్‌గా రాసి ఇస్తే స్టెల్లేరియం దాన్ని మన సొంత క్షితిజంగా చూపిస్తుంది. ఓపిక కావాల్సిన పని ఇది. చేసినవారికి సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఏ ఆబ్జెక్ట్ ఎన్ని గంటలకు చెట్టు వెనక్కి వెళ్తుందో ఇప్పుడు ముందే తెలుస్తోంది.

మెస్సియే మారథాన్, తోకచుక్క

మార్చి 29 అమావాస్య, పైగా శనివారం. ఒకే రాత్రిలో మెస్సియే జాబితాలోని 110 ఆబ్జెక్టుల్లో వీలైనన్ని చూసే ప్రయత్నానికి అంతకంటే మంచి తేదీ దొరకదు. ఎం77, ఎం74 సంధ్య చీకటిలోనే పట్టుకోవాలి, చివర ఎం30 తెల్లవారే వెలుగుతో పోటీ పడుతుంది. ఈ రెండు కొసలకూ ప్లాన్‌లో నిమిషాల లెక్క ఉంది. మధ్యలో మాత్రం కావాలనే ఖాళీ వదిలాం. ఒక గుచ్ఛం బాగుందనిపిస్తే ఆగి చూడటానికి సమయం ఉండాలి కదా.

అక్టోబరులో లెమ్మన్ తోకచుక్క (సీ/2025 ఏ6) వచ్చింది. జనవరి 3న అమెరికాలోని మౌంట్ లెమ్మన్ సర్వే కనుగొన్న ఈ తోకచుక్క అక్టోబరు 21న భూమికి అత్యంత దగ్గరగా వచ్చింది. ఆ రోజే అమావాస్య కూడా. అప్పుడది స్వాతి నక్షత్రం ఉన్న బూటీస్ మండలంలో, సాయంత్రం పడమటి వైపు ఉంది. ఇక్కడ 18 డిగ్రీల నియమం పనికిరాదు. పూర్తి చీకటి పడేదాకా ఆగితే తోకచుక్క మరీ కిందికి దిగిపోతుంది. సూర్యుడి ఎత్తు, తోకచుక్క ఎత్తు పక్కపక్కన పెట్టి, ఆకాశం చాలినంత నల్లబడి తోకచుక్క ఇంకా చెట్లపైన ఉండే కొద్దిపాటి సమయాన్ని రోజురోజుకీ లెక్కగట్టాం.

తోకచుక్కల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. వాటి కక్ష్య వివరాలు కొత్త పరిశీలనలతో మారుతూ ఉంటాయి. గ్రహశకలాలు, తోకచుక్కల కక్ష్యల లెక్కలు చూసే మైనర్ ప్లానెట్ సెంటర్ ఇచ్చే తాజా వివరాలను స్టెల్లేరియంలోని సోలార్ సిస్టమ్ ఎడిటర్ ద్వారా దిగుమతి చేసుకున్నాకే ప్లాన్ వేయాలి.

వెన్నెల రాత్రులు, గ్రహాలు

శుక్ల పక్షపు రాత్రులను ఇదివరకు సెలవులుగా చూసేవాళ్లం. ఇప్పుడు వాటికీ విడిగా ఒక జాబితా ఉంది. ఆల్బిరియో, ఎప్సిలాన్ లైరే లాంటి జంట నక్షత్రాలు, చంద్రుడి మీద వెలుగు నీడల సరిహద్దు. సప్తమి, అష్టమి ప్రాంతంలో కొద్ది గంటలే కనిపించే చంద్రుడి మీది 'ఎక్స్' ఆకారానికి సమయం లెక్క వేసుకోకపోతే అది దొరకడం అదృష్టం మీదే.

గురుడి ఎర్ర మచ్చ సుమారు 9 గంటల 56 నిమిషాలకు ఒకసారి మన వైపు తిరుగుతుంది. ఈ రాత్రి 8 గంటలకు మధ్యలో కనిపిస్తే, ఎల్లుండి రాత్రి 9.38 ప్రాంతంలో మళ్లీ అక్కడే ఉంటుంది. ఆ మచ్చ మెల్లగా జరుగుతూ ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో దాని రేఖాంశాన్ని అప్పుడప్పుడు సరిచేయాలి. శని వలయాలు ఈ ఏడాది దాదాపు అంచువైపు తిరిగి సన్నని గీతలా కనిపించాయి. చూసినవారందరూ స్కెచ్‌లు వేసి ఇచ్చారు, భద్రపరిచాం.

వచ్చే ఏడాది పనులు

2026 జనవరి 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు. ఆ వారాల్లో మచ్చ మధ్యకు వచ్చే సమయాల పట్టిక అందరికీ పంపుతాం. ఆగస్టు 12న అమావాస్య, పర్సీయిడ్ ఉల్కలు ఎక్కువగా పడే రోజులూ అవే. దానికి టెలిస్కోప్ అవసరం లేదు, ఉల్కల మూలస్థానం (అవి వెలువడుతున్నట్టు కనిపించే చోటు) ఎన్ని గంటలకు పైకి వస్తుందో తెలిస్తే చాలు.

పరిశీలన స్థలంలో ల్యాప్‌టాప్ మూసే ఉంచాలన్న నియమం కొనసాగుతుంది. చీకటికి అలవాటుపడటానికి కంటికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లని తెర చాలు అదంతా పోవడానికి. జాబితా కాగితం మీద, టార్చ్ ఎర్రగా. తప్పనిసరైతే స్టెల్లేరియం నైట్ మోడ్, అదీ వెలుగు బాగా తగ్గించి.

సభ్యులు తమ టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్, ఐపీస్‌ల వివరాలు, ఇంటి నుంచి చూసేవారైతే తమ క్షితిజం కొలతలు కార్యదర్శికి పంపాలి. కనిపించని ఆబ్జెక్టులను కూడా పరిశీలన పుస్తకంలో ఆనాటి ఆకాశ స్థితితో సహా రాయండి. వచ్చే జాబితాలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఆ రాతలు చూసే నిర్ణయిస్తాం.

— కార్యదర్శి