డిసెంబరులో రాసిచ్చిన మూడు కొటేషన్ల సంగతి

ముందు అసలు విషయం చెప్పేస్తాను, మిగతావి తర్వాత.

2025 డిసెంబరు మొదటి వారంలో మా కంప్యూటర్ షాపులో నేను చేత్తో రాసిచ్చిన కొటేషన్లు మూడున్నాయి. మూడూ అరవై వేల లోపు గేమింగ్ సిస్టమ్‌లు. "పండక్కి డబ్బులొస్తాయి, అప్పుడు తీసుకుంటాం" అన్నారు. నేనూ సరేనన్నాను. సంక్రాంతి వెళ్లిపోయింది, దాంతో పాటు ఆ రేట్లూ వెళ్లిపోయాయి. ఆ కాగితం మీదున్న మొత్తానికే ఇప్పుడు సిస్టమ్ బిగించి ఇస్తే ఒక్కోదాని మీద ఆరేడు వేలు నా జేబులోంచి పెట్టుకోవాలి. నా మార్జిన్ అంత ఉండదు. విజయవాడ గవర్నర్‌పేటలో పక్కపక్కనే ఇన్ని షాపులు పెట్టుకున్నాక ఎవరికీ ఉండదు.

ఇద్దరికి ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన అర్థం చేసుకున్నారు. ఇంకొకాయన "రాసిచ్చి మాట తప్పుతారా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, కాగితం మీద 'రెండు రోజులే' అని నేను రాయలేదు. అందుకే ఆయనకు నా బిగింపు చార్జీ వదిలేసి, లాభం లేకుండా డీలర్ బిల్లు రేటుకే సామాను ఇస్తున్నాను. మూడో అతని సంగతి చివర చెప్తాను.

ఇంతకీ పెరిగింది ర్యామ్ ధర, అంటే సిస్టమ్ నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ. దాని వెనకే ఫైళ్లూ గేములూ దాచుకునే ఎస్‌ఎస్‌డీ కూడా. ప్రపంచంలో మెమరీ చిప్పుల్లో ఎక్కువ భాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల నుంచే వస్తుంది. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన మెమరీ చేస్తే వాళ్లకు లాభం ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో క్రూషియల్ బ్రాండు రిటైల్ అమ్మకాల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించేసింది. ఆ బ్రాండు ర్యామ్ మన షాపులో ఎన్నేళ్ల నుంచి అమ్ముతున్నామో మీలో చాలామందికి తెలుసు. నిరుడు వేసవిలో మీకు వేసిన 16 జీబీ ర్యామ్ ధర ఇప్పుడు రెట్టింపు దాటింది. పొద్దున అడిగితే ఒక రేటు, మధ్యాహ్నం భోజనం చేసొచ్చి అడిగితే ఇంకో రేటు చెప్తున్నారు డీలర్లు. ఎప్పుడు తగ్గుతుందని రోజుకు పదిమంది అడుగుతున్నారు. ఆ జోస్యం నేను చెప్పను.

మరి అరవై వేలలో సిస్టమ్ రాదా అంటే, వస్తుంది. ఎక్కడ కోత పెట్టాలో మారింది, అంతే.

పోయిన వారం పటమట నుంచి ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలయ్యాకే కొంటానని తండ్రి, రేట్లు పెరిగిపోతున్నాయని కొడుకు. ఫోన్లో లిస్టు చూపించాడు. ఐ7 ప్రాసెసర్, లిక్విడ్ కూలర్, ఆరు రంగుల ఫ్యాన్లు, ముందూ పక్కా అద్దాలున్న క్యాబినెట్. అన్నీ అయ్యాక మిగిలిన డబ్బుల్లో ఏ గ్రాఫిక్స్ కార్డు (గేమ్ బొమ్మల్ని తెర మీదికి తెచ్చే భాగం) వస్తే అది.

"మొత్తం మీద ఎంతలో తేలుద్దండీ?" అన్నారు తండ్రి.

"అన్నా, లిక్విడ్ కూలర్ లేకపోతే హీటెక్కుద్ది కదా" అన్నాడు అబ్బాయి.

ఆ అబ్బాయికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. గేమింగ్ సిస్టమ్ అంటే ముందు కార్డు. బడ్జెట్‌లో మూడో వంతుకు తగ్గకుండా దానికి పక్కన పెట్టి, ఆ తర్వాతే మిగతా సామాను లెక్క వేయాలి. ఈ బడ్జెట్‌లో ఐ7 అక్కర్లేదు. ఐ5 12400ఎఫ్ గానీ రైజన్ 5 5600 గానీ చాలు. రెండూ 2022లో వచ్చినవే, రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. రెండూ డీడీఆర్4 (ఇప్పటి డీడీఆర్5కి ముందు తరం ర్యామ్) బోర్డుల మీద నడుస్తాయి. పాత సిస్టమ్‌లో డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లు దాన్ని అలాగే వాడుకోవచ్చు, ఈ రోజుల్లో అదే పెద్ద ఆదా. పాత ర్యామ్ ఓఎల్ఎక్స్‌లో పెట్టేసి కొత్తది కొనడానికి వచ్చినవాళ్లను మొన్న ఇద్దర్ని వెనక్కి పంపించాను. ఇక కూలర్ విషయానికొస్తే, ఆ ప్రాసెసర్ల బాక్సులో వచ్చే ఫ్యానే సరిపోతుంది. కొంచెం మోత ఉంటుంది, అంతకు మించి ఏమీ కాదు.

మన ఊళ్లో వేడి సంగతి మాత్రం నిజమే. మే నెలలో మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 38 డిగ్రీలుంటే, క్యాబినెట్ లోపలికి వెళ్లే గాలే 38. దానికి మందు లిక్విడ్ కూలర్ కాదు. ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్, లోపలికి రెండు ఫ్యాన్లు, బయటికి ఒకటి. ముందు అద్దం బిగించిన క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ, గాలి ఎటునుంచి పీల్చుకోవాలి పాపం?

లిస్టు తిరగరాశాక ఆరు రంగుల ఫ్యాన్లు పోయాయి. అబ్బాయి ముఖం కాస్త చిన్నబోయింది. చివరికి ఒక్క రంగుల ఫ్యాను వెనకవైపు ఉంచాం.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట తాడేపల్లి నుంచి వచ్చిన ఒక కుర్రాడికి బడ్జెట్ సరిపోక ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే సిస్టమ్ మొత్తానికి కరెంటు పంచే పెట్టెలో, రెండు వేలు తగ్గించాను. బాక్సు మీద '500 వాట్లు' అని పెద్దక్షరాలు. నేనూ ఆ అక్షరాలే చూశాను. మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి అది కాలిపోయింది, పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. ఎస్‌ఎంపీఎస్ కంపెనీ వాళ్లు ఎస్‌ఎంపీఎస్ మార్చి ఇచ్చారు, బోర్డు మాత్రం మాకు సంబంధం లేదన్నారు. బోర్డు నేనే కొనిచ్చాను.

కాలిపోయిన ఎస్‌ఎంపీఎస్‌ని టేబుల్ మీద పెట్టుకుని దాని పక్కనున్న స్టిక్కరు అప్పుడు చదివాను. ముందే చదవాల్సింది. అందులో ఒక పట్టిక ఉంటుంది: 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు, ఒక్కోదాని కింద ఎన్ని ఆంపియర్లో. మన ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ దాదాపు మొత్తం కరెంటు తీసుకునేది 12 వోల్టుల లైను నుంచే. దాని కింద 18 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పద్దెనిమిదులు 216. అంటే అసలు పనికొచ్చేది 216 వాట్లే, 500 కాదు. ఆ కుర్రాడి సిస్టమ్‌లో ఆర్‌ఎక్స్ 6600 కార్డు, దానికి 132 వాట్లు. 12400ఎఫ్ పూర్తి జోరులో ఉంటే 117 దాకా తీసుకుంటుంది. రెండూ కలిపితే 249. సంవత్సరం పాటు అది ఎలా లాక్కొచ్చిందో నాకే ఆశ్చర్యం.

ఆ స్టిక్కరు కత్తిరించి కౌంటర్ అద్దం కింద పెట్టాను. ఎస్‌ఎంపీఎస్‌లో తగ్గించమని అడిగినవాళ్లకు దాన్నే చూపిస్తున్నాను. ఇకమీదట 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ (కరెంటు వృథా తక్కువని పరీక్షించి ఇచ్చే గుర్తు) లేని ఎస్‌ఎంపీఎస్‌తో గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్ మన షాపులో బిగించం. మీరు బయట కొని తెచ్చినా సరే, బిగించం. దీనికి కోపం వచ్చి ఒకరిద్దరు పక్క షాపుకి వెళ్లారు. వెళ్లనివ్వండి.

ఇక సెకండ్ హ్యాండ్ కార్డులు. ర్యామ్ పెరిగాక అందరూ వీటి మీద పడ్డారు. నేను అమ్ముతాను, కాదనను. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఏం జరిగిందో మనం చూశాం. మంచం కిందా టేబుల్ కిందా ఉన్న సీపీయూలన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక ఆటోల్లో వేసుకుని తెచ్చారు. క్యాబినెట్ పక్క తలుపు తీస్తే లోపల నుంచి బురద నీళ్లు కారేవి, ఆ వాసన షాపులో నెల రోజులుంది. కొన్ని బతికాయి, చాలావరకు పోయాయి.

ఆ తర్వాత కొన్ని నెలలకు మార్కెట్లో చవకగా కార్డులు కనబడ్డాయి. నేను నాలుగు కొన్నాను. పైకి తళతళలాడుతున్నాయి, పెడితే డిస్‌ప్లే వచ్చింది, గంటసేపు గేమ్ ఆడించి చూశాం. అమ్మేశాను. అందులో ఒకటి మూడు నెలలకు తిరిగొచ్చింది. థర్మల్ పేస్ట్ మారుద్దామని విప్పితే, హీట్‌సింక్ రేకుల మధ్య ఎండిపోయిన బురద. స్క్రూ రంధ్రాల్లో కూడా సన్నటి ఒండ్రు మట్టి, గోరుతో గీరితే పొడిలా రాలింది. కార్డు వెనక చిన్న చిన్న కాళ్ల దగ్గర పచ్చటి చిలుం. కడిగి, ఆరబెట్టి, తుడిచి అమ్మారన్నమాట నాకు. ఎవరు అమ్మారో నాకు తెలుసు, ఇక్కడ పేర్లు అనవసరం. కొన్నాయనకు మొత్తం డబ్బులు వెనక్కిచ్చాను. మిగతా మూడు కొన్నవాళ్లను కూడా పిలిచి విప్పి చూశాం, వాటిలో ఏమీ లేదు.

అప్పటి నుంచి పాత కార్డు ఏదైనా విప్పకుండా కొనడం లేదు, విప్పి మీకు చూపించకుండా అమ్మడం లేదు. మీరు ఎవరి దగ్గర కొన్నా స్క్రూ రంధ్రాల్లోకి ఫోన్ టార్చి వేసి చూడండి. మన షాపు పాత కార్డుకు నా వారంటీ మూడు నెలలు, బిల్లు మీదే రాసిస్తాను.

పాత ఆఫీసు సిస్టమ్‌లు పది, పన్నెండు వేలకు వస్తున్నాయి, వాటికి కార్డు పెట్టుకుంటే సరిపోదా అని కూడా అడుగుతున్నారు. జీటీఏ 5 లాంటివి ఆడుకోవడానికి ఫరవాలేదు. అయితే రెండు చిక్కులున్నాయి. సన్నటి క్యాబినెట్లలో మామూలు సైజు కార్డు పట్టదు, వాటి ఎస్‌ఎంపీఎస్ కూడా వేరే ఆకారంలో ఉంటుంది, మార్చడం కష్టం. రెండోది పెద్ద చిక్కు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి. ఏదో తంటాలు పడి పాతదాంట్లో ఎక్కించినా, విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాల్సిందే. నాలుగో తరం ఐ5 తెచ్చి వాలరెంట్ ఆడించమంటే నావల్ల కాదు.

కేవలం వాలరెంట్ కోసమే అయితే ఇంకో దారి ఉంది. రైజన్ 5 5600జీ లాంటిది, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకోండి. కార్డు తర్వాత, డబ్బులున్నప్పుడు. దీనికి మాత్రం ర్యామ్ రెండు ముక్కలుగా ఉండాలి, 8, 8. లోపలి గ్రాఫిక్స్ వాడుకునేది ఆ ర్యామ్‌నే, ఒక్క ముక్కే వేస్తే దారి సగానికి ఇరుకవుతుంది. కార్డు పెట్టుకునేవాళ్లు ఇప్పటికి ఒకే 16 వేసుకుని, రేటు దిగాక రెండోది వేసుకోవచ్చు. ఇదివరకు రెండు ముక్కలు ఉండాల్సిందేనని మొండికేసేవాణ్ణి, ఈ రేట్లు చూశాక మెత్తబడ్డాను.

ర్యామ్ గురించే మరో విషయం, ఇది మా వైపు పొరపాటు. నిరుడు మేం బిగించి ఇచ్చిన సిస్టమ్‌లలో కొన్నింటికి బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్‌ని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయలేదని ఈ మధ్యే తెలిసింది. అది ఆన్ చేయకపోతే ర్యామ్ స్టిక్కరు మీద 3200 అని ఉన్నా 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది. మీరే చూసుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ నొక్కి మెమరీలోకి వెళ్తే స్పీడ్ అని కనిపిస్తుంది. తక్కువ ఉంటే సీపీయూ ఒక్కటి పట్టుకుని రండి, మానిటర్ అక్కర్లేదు. ఐదు నిమిషాల పని, డబ్బులేమీ వద్దు. అలాగే హెచ్‌డీఎంఐ వైరు మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకే పెట్టి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. నవ్వకండి, పోయిన నెల కార్డు పాడైందని ఫోన్ వస్తే కానూరు దాకా బండి వేసుకుని వెళ్లి ఆ వైరు మార్చి వచ్చాను. వాళ్లమ్మగారు పెట్టిన కాఫీ మాత్రం బాగుంది.

రేట్ల పద్ధతి ఇక ఇలా ఉంటుంది. కొటేషన్ రెండు రోజులే, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలకు ఆ రోజు వరకే. అడ్వాన్సు ఇస్తే ఆ రెండూ అప్పుడే తెప్పించి మీ పేరు రాసి పక్కన పెడతాను, తర్వాత పెరిగినా తగ్గినా అదే రేటు. బిగింపు చార్జీ బిల్లులో విడిగా కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఏదైనా తక్కువకు దొరికితే అక్కడే కొనుక్కోండి, బిగించి పెడతాను, ఎస్‌ఎంపీఎస్ గురించి పైన చెప్పింది గుర్తుపెట్టుకుంటే చాలు. బిల్లు లేకుండా 18 శాతం జీఎస్టీ తగ్గించమని మాత్రం అడగొద్దు. రేపు వారంటీకి వెళ్తే ముందు అడిగేది ఆ బిల్లే.

ఇక మూడో కొటేషన్ సంగతి. ఆ రోజు టీ ఒలికి నా పుస్తకంలో ఆ పేజీ తడిసింది. సామాను లిస్టు కనిపిస్తోంది, కింద ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు అలుక్కుపోయాయి. నల్ల హెల్మెట్టు, గుంటూరు నుంచి వచ్చానన్నాడు, వాళ్ల చెల్లెలికి ఎడిటింగ్ కూడా కావాలన్నాడు, అందుకని 16 బదులు 32 జీబీ రాయించుకున్నాడు. తమ్ముడూ, ఇది నీ కంటబడితే ఒకసారి ఫోన్ చెయ్యి. పెరిగిన రేట్లలో ఎక్కువ దెబ్బ తగిలేది నీ లిస్టుకే. 32 ఇప్పుడు వద్దు, 16తో మొదలుపెట్టేలా ఇంకో లిస్టు రాసి పెట్టాను.