‘క్యాన్సల్ కుదరదు’ అనేది కంపెనీ మాట, చట్టం మాట కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు చెప్పిన తేదీకి రాకపోతే డబ్బు వెనక్కి అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంది. అయినా మన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో చాలామంది ‘ఈ ఆర్డర్ క్యాన్సల్ చేయడం కుదరదు’ అన్న ఒక్క వాక్యం ఫోన్‌లో కనిపించగానే ఆ డబ్బుకు నీళ్లొదులుకుంటున్నారు.

మా దేవరకొండ వైపు ఒక పత్తి రైతుకు జరిగింది చూడండి. చేనులో పచ్చదోమ కనిపించగానే మందు కొట్టే చార్జింగ్ పంపు కోసం ఒక ఆన్‌లైన్ సంస్థకు పూర్తి డబ్బు ముందే చెల్లించి ఆర్డర్ పెట్టాడు. చెప్పిన తేదీ దాటినా పార్శిల్ హైదరాబాద్ గోదాములోనే ఉన్నట్టు యాప్ చూపిస్తూ వచ్చింది. దోమ పార్శిల్ కోసం ఆగదు కనుక పక్క చేను వాళ్ల పంపు అడిగి తెచ్చుకుని మందు కొట్టుకున్నాడు. ఇక కొత్త పంపు అక్కర్లేదని ఆర్డర్ రద్దు చేయబోతే ఆ బటన్ అప్పటికే మాయమైంది. కస్టమర్ కేర్‌కు తెలుగులో రాస్తే, వస్తువు బయలుదేరింది కాబట్టి రద్దు కుదరదని, ఇంటికి వచ్చినప్పుడు తీసుకోకుండా తిప్పి పంపమని ఇంగ్లిష్‌లో జవాబు వచ్చింది. అలాగే తిప్పి పంపాక, ఈ రకం వస్తువుకు రిటర్న్ సౌకర్యం లేదు కనుక డబ్బు ఇవ్వలేమన్నారు. ఇప్పుడు పంపూ వాళ్ల దగ్గరే ఉంది, డబ్బూ వాళ్ల దగ్గరే ఉంది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2020 జూలైలో ఈ-కామర్స్ నిబంధనలు తెచ్చింది. వస్తువు లోపంతో వచ్చినా, నకిలీదైనా, ప్రకటనలో చూపినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా దాన్ని వెనక్కి తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ అమ్మకందారు నిరాకరించరాదని అవి స్పష్టంగా చెబుతున్నాయి. ఎవరి చేతిలోనూ లేని విపత్తు వల్ల ఆలస్యమైతే మాత్రం మినహాయింపు ఉంది. పార్శిల్ గోదాములో పడి ఉండటం విపత్తు ఎలా అవుతుందో ఆ సంస్థే చెప్పాలి. ఆర్డర్ రద్దు చేసుకున్నందుకు రుసుము పట్టుకోవడంపైనా ఆంక్ష ఉంది. సంస్థ తనంతట తాను ఆర్డర్ రద్దు చేసినప్పుడు అలాంటి రుసుమే తానూ భరిస్తేనే మన దగ్గర వసూలు చేయాలి.

అయితే ఒక మాట కూడా ఒప్పుకోవాలి. వస్తువులో ఏ లోపమూ లేకుండా, సకాలంలో వచ్చాక, కేవలం మనసు మారిందని తిప్పి పంపే హక్కును మన చట్టం అందరికీ ఇవ్వలేదు. అక్కడ ఆ సంస్థ ముందుగా ప్రకటించిన రిటర్న్ షరతులే వర్తిస్తాయి. ఇది న్యాయమేనని నా అభిప్రాయం. వాడిన చీరను పండుగ మర్నాడు తిప్పి పంపేవాళ్లూ మనలో లేకపోలేదు.

ఇక, ‘మేము వేదిక మాత్రమే, అమ్మింది వేరొకరు’ అనే జవాబు తరచూ వినిపిస్తుంది. ఆ వేరొకరి పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు చూపించాల్సిన బాధ్యత ఆ వేదికదే. ఫిర్యాదుల అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు కూడా అందులో ఉండాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాటింగ్‌లో గంటలు పోగొట్టుకునే బదులు నేరుగా ఆ అధికారికే రాయడం మేలు. ఒక జాగ్రత్త అవసరం: ఆర్డర్ పెట్టిన రోజే డెలివరీ తేదీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. యాప్‌లో కొత్త తేదీ వేయగానే పాతది కనిపించకుండా పోతుంది, ఆ తర్వాత ఆలస్యాన్ని రుజువు చేయడం కష్టం.

అప్పటికీ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా ఢిల్లీలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చని 2019 చట్టం చెబుతోంది. కనుక దేవరకొండ రైతు నల్లగొండలోనే వేసుకోవచ్చు. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవడమూ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. రెండేళ్ల గడువు మాత్రం దాటకూడదు. పంపు వ్యవసాయానికి కొన్నది కాబట్టి రైతు వినియోగదారుడే కాడని కంపెనీ వకీలు వాదించవచ్చు గానీ, సొంత కష్టంతో బతుకుదెరువు కోసం వాడుకునే వస్తువును చట్టం వాణిజ్య అవసరంగా లెక్కించదు.

ఏటా డిసెంబర్ 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం పేరిట సభలు పెడతారు, ఉపన్యాసాలు ఇస్తారు. అవి పట్టణాల్లోని హాళ్లు దాటి పల్లెకు రావడం లేదు. పౌరసరఫరాల శాఖ ఈ హక్కులను ఒక్క పేజీలో, తేలిక తెలుగులో అచ్చు వేయించి ప్రతి రేషన్ దుకాణం ముందు, ప్రతి రైతు వేదికలో అంటించాలని కోరుతున్నాను. మీసేవ కేంద్రాల నిర్వాహకులకు ఈ-జాగృతిలో ఫిర్యాదు నింపడం నేర్పించి, దానికి నామమాత్రపు రుసుము నిర్ణయించాలి. తెలుగులో ప్రకటనలు ఇచ్చి తెలుగువారికి సరుకు అమ్ముతున్న సంస్థలు ఫిర్యాదులకు కూడా తెలుగులోనే జవాబు ఇచ్చేలా రాష్ట్ర ప్రభుత్వం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖపై ఒత్తిడి తేవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా