కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25: ఇళ్ల అమ్మకాలపై ప్రత్యేక శ్రద్ధ

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా నివేదికలో మోరీలు, వీధిదీపాలు, పార్కు పనులకే ఎక్కువ చోటు పోయేది. ఈసారి వాటిని చివర్లో క్లుప్తంగా చెప్పి, ఇళ్ల అమ్మకాల గురించి వివరంగా రాస్తున్నాం. ఏ వీధిలోకి తిరిగినా "ఇల్లు అమ్మబడును" బోర్డు కనిపిస్తోంది. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడగా పెద్ద ఇల్లు చూసుకోలేనివాళ్లు, రిటైరై అపార్ట్‌మెంటుకు మారదామనుకునేవాళ్లు, అప్పు తీర్చాల్సినవాళ్లు దాదాపు ఒకేసారి అమ్మకానికి పెట్టారు. మరోవైపు హనుమకొండ వైపు భీమారం నుంచి హసన్‌పర్తి దాకా కొత్త జీ ప్లస్ వన్ (కింద ఒకటి, పైన ఒకటి అంతస్తుల) ఇళ్లు, ఫ్లాట్లు లేస్తూనే ఉన్నాయి. ఒకే బడ్జెట్‌లో పది ఇళ్లు చూసే వీలున్న మనిషి, కాగితాల్లో చిన్న తేడా కనిపించినా పక్క వీధికి వెళ్లిపోతాడు.

అమ్మకాల రిజిస్టరు

ఈ ఏడాది సంఘం కార్యాలయంలో అమ్మకాల రిజిస్టరు తెరిచాం. బోర్డు పెట్టిన తేదీ, అడిగిన ధర, చివరికి తెగిన ధర, పట్టిన నెలలు అందులో రాస్తాం. పేర్లు, ఇంటి నంబర్లు బయటికి చెప్పం. దాన్ని చదివే పద్ధతి సులువు. అమ్మకానికి ఉన్న ఇళ్ల సంఖ్యను నెలకు సగటున అమ్ముడుపోయే ఇళ్లతో భాగించాలి. 24 ఇళ్లుండి నెలకు రెండే పోతుంటే పన్నెండు నెలల సరుకు ఉన్నట్టు. ఆరు నెలలు దాటిందంటే బేరం కొనేవాడి చేతిలో ఉన్నట్టే. పక్కింటివారు అడుగుతున్న ధర చూసి మన ధర పెట్టుకోవద్దని పదేపదే చెప్పేది ఇందుకే. అమ్ముడుపోని ఇంటి ధర మార్కెట్ ధర కాదు. రిజిస్టరులో తెగిన ధరల వరుస చూడండి.

2025 ఫిబ్రవరి చివర్లో వరంగల్ మామునూరు విమానాశ్రయానికి కేంద్రం ఆమోదం రాగానే చాలామంది బోర్డులు తీసేశారు, కొందరు ధర పెంచారు. మామునూరు నగరానికి ఆ చివర, ఖమ్మం దారిలో ఉంది. ఆ వార్తకు అటువైపు ఖాళీ జాగల ధరలు కదలవచ్చు గానీ, ఇక్కడి పదిహేనేళ్ల పాత ఇంటి ధర కదులుతుందని కార్యవర్గం అనుకోవడం లేదు.

ధర కట్టే లెక్క

జాగ, కట్టడం విడివిడిగా లెక్కించాలి. బ్యాంకు వాల్యుయర్ (ఇంటి విలువ కట్టేవాడు) కూడా అలాగే చేస్తాడు. కట్టడానికి 60 ఏళ్ల ఆయుష్షు, చివరికి పది శాతం విలువ మిగులుతుందనుకుంటే ఏటా ఒకటిన్నర శాతం తరుగుతుంది. 1,200 చదరపు అడుగుల ఇంటికి నేటి కట్టుబడి ఖర్చు అడుగుకు 2,000 రూపాయలనుకుంటే 24 లక్షలు. పదిహేనేళ్లకు 22.5 శాతం తీసేస్తే 18.6 లక్షలు. దీనికి జాగ విలువ కలపాలి. జాగ కూడా కాగితం మీది గజాలు కాదు, టేపు పట్టి కొలిచిన గజాలు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవుంటే 200 గజాలు. ముందు రెండడుగులు రోడ్డులోకి పోయి ఉంటే 193 గజాలే. కొనేవాడు ఎలాగూ కొలుస్తాడు. మనమే ముందు కొలిచి చెబితే మాటకు విలువ ఉంటుంది.

ఎక్కువ బేరాలు చెడిపోయేది అడ్వాన్సు తర్వాత, వాల్యుయేషన్ దగ్గర. ధర 70 లక్షలకు ఒప్పుకున్నారు, వాల్యుయర్ 62 లక్షలే కట్టాడనుకోండి. 30 నుంచి 75 లక్షల మధ్య అప్పుకు రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం వాల్యుయర్ కట్టిన విలువలో 80 శాతం దాటకుండా ఇస్తారు. అంటే 49.6 లక్షలు. మిగతా 20.4 లక్షలు, పైన 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు 5.25 లక్షలు కొనేవాడు చేతి నుంచి పెట్టాలి. ఆ 25 లక్షల పైచిలుకు అతని దగ్గర ఉందో లేదో బయానా (అడ్వాన్సు) తీసుకోకముందే అడగండి. మొహమాటపడితే మూడు నెలలు పోతాయి, ఈలోపు వచ్చిన వేరే బేరం కూడా పోతుంది.

ధర తగ్గించకుండా ఎదురుచూడటానికీ ఖర్చుంది. 65 లక్షల ఇల్లు ఖాళీగా ఉంటే, ఏడు శాతం డిపాజిట్ వడ్డీ లెక్కన ఏడాదికి 4.55 లక్షలు, నెలకు దాదాపు 38 వేలు నష్టం. రెండు లక్షల కోసం ఎనిమిది నెలలు ఆగితే మూడు లక్షలు పోయినట్టు. బోర్డు పెట్టిన తొలి నెలలోనే చూసేవాళ్లు ఎక్కువగా వస్తారు కాబట్టి సరైన ధర మొదటి రోజే పెట్టాలి. ఎక్కువ చెప్పి నెలనెలా తగ్గిస్తూపోతే "ఇంకా తగ్గుతుంది" అనే పేరు పడుతుంది. ముగ్గురు మధ్యవర్తులకు మూడు ధరలు చెప్పినా అదే ఫలితం. కమీషన్ ఎంతో ముందే కాగితం మీద రాసుకోండి. ఏజెంటుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉందో చూసుకోండి.

కాలం కూడా చూసుకోవాలి. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో చూడటానికి వచ్చినా బయానా ఇవ్వరు. 2024 వేసవిలో మూఢంతో మే, జూన్ అలాగే గడిచాయి. మాఘం నుంచి వైశాఖం దాకా, మళ్లీ దసరా ముందు బోర్డు పెట్టడం మేలు.

కాగితాలు

ఆదివారాల్లో కార్యాలయంలో కాగితాల పరిశీలన పెట్టాం. మళ్లీ మళ్లీ కనిపించిన లోపాలివి.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం. బ్యాంకు న్యాయవాదులు సాధారణంగా 30 ఏళ్ల ఈసీ అడుగుతారు. ఇంటి నంబరుతో ఒకసారి, సర్వే నంబరు, ప్లాటు నంబరుతో ఇంకోసారి తీయాలి. పాత దస్తావేజు ఒక పద్ధతిలోనే నమోదై ఉంటే రెండో పద్ధతిలో కనిపించదు, లింకు తెగినట్టు అనిపిస్తుంది. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదని కూడా చూసుకోండి.

జిల్లా పేరు. 2016కు ముందు దస్తావేజుల్లో వరంగల్ జిల్లా, తర్వాత వరంగల్ అర్బన్, 2021 నుంచి హనుమకొండ జిల్లా. నగరపాలక సంస్థలో కలవకముందు గ్రామపంచాయతీ ఇంటి నంబరు ఒకటి, ఇప్పటి నంబరు ఒకటి. కొత్త దస్తావేజు షెడ్యూలులో పాతవీ కొత్తవీ రెండూ రాయించండి. పంచాయతీ రోజుల అనుమతి కాగితం పోయినవాళ్లు నకలు కోసం ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం. అనుమతి లేని లేఅవుట్లో కొని 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసి వదిలేసినవాళ్లు మన కాలనీలోనూ ఉన్నారు. ప్రభుత్వం 2024–25 ఆర్థిక సంవత్సరం చివర్లో 25 శాతం రాయితీ ప్రకటించినప్పుడు సభ్యులకు ఫోన్లు చేసి చెప్పాం. ప్రొసీడింగ్స్ (క్రమబద్ధీకరించినట్టు ఉత్తర్వు) లేకుండా బ్యాంకు అప్పు దొరకడం కష్టం, నగదుతో కొనేవాడు ఆ మేరకు ధర కోస్తాడు.

వారసులు. తండ్రి పేరు మీద ఇల్లుంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి, ఆడపిల్లలతో సహా వారసులందరి సంతకాలూ కావాలి. విదేశాల్లో ఉన్నవాళ్ల పవర్ ఆఫ్ అటార్నీ (తమ తరఫున సంతకం చేసే అధికారపత్రం) అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి. పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా ఉండాలి. దీన్ని బేరం కుదిరాక మొదలుపెడితే ఆలస్యమే.

అప్పు ఉంటే మీ బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటరు (అప్పు ముగించడానికి ఎంత కట్టాలో చెప్పే లేఖ), వాళ్ల దగ్గరున్న కాగితాల జాబితా తీసుకోండి. పూర్తిగా తీర్చాక 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగివ్వాలి, లేకుంటే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి ఇది నిబంధన. అసలు కాగితాలు ఎవరికీ చేతికివ్వొద్దు. చూడాలంటే జిరాక్సులు ఇవ్వండి.

అగ్రిమెంటులో గడువు తేదీ, అప్పు మంజూరు కాకపోతే బయానా ఏమవుతుందో స్పష్టంగా రాయించాలి. 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవద్దు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ముందే కట్టే ఆదాయపు పన్ను) కోసి కట్టాలి. భార్యాభర్తలు సగం సగం కొంటే వర్తించదని చెప్పేవారు. 2024 అక్టోబరు 1 నుంచి అందరి వాటాలూ కలిపే చూస్తారు. అమ్మేవారు ఎన్ఆర్ఐ (విదేశాల్లో నివసించేవారు) అయితే ఒక శాతం లెక్క కుదరదు, కోత చాలా ఎక్కువ. తగ్గించుకోవడానికి ఆదాయపు పన్ను శాఖ సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలి. లాభం మీద పన్నుకు, 2024 జూలై 23కు ముందు కొన్న ఇంటిని ఇక్కడ నివసించేవారు అమ్మితే రెండు లెక్కలు వేయించండి: ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపడం) లేకుండా 12.5 శాతం, ఉంటే 20 శాతం. ఏది తక్కువైతే అది కట్టొచ్చు.

చూపించే ముందు ఇల్లు

రంగు వేయించడానికి తొందరపడకండి. మిద్దె మీద, బాత్రూము వెనక గోడల్లో చెమ్మ ఉంటే ముందు అది ఆగాలి. మిద్దె పగుళ్లు నింపి, పూత వేసి, గొట్టాలు మూసి రెండంగుళాల నీళ్లు రెండు రోజులు నిలిపి చూడండి. గోడ రెండు మూడు వారాలు ఆరాకే లప్పం పెట్టాలి. తడి మీద లప్పం పెడితే మొదటి వానకే పెచ్చులూడుతుంది, అప్పటికి బయానా వచ్చినా గొడవ మొదలవుతుంది. బోరు నీళ్లు ఏప్రిల్, మేలో చూపిస్తే నమ్మకం ఎక్కువ. కోతుల బెడదకు జాలీలు ఉంటే చెప్పండి, కొనేవాళ్లు అడుగుతున్నారు.

2020, 2023 వరదల్లో నీళ్లు వచ్చాయా అనేది ఇప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న. వచ్చి ఉంటే దాచవద్దు. ఎంత ఎత్తు వచ్చిందో, తర్వాత ఏం మార్చారో చెప్పండి. పాత రోడ్డు తవ్వకుండా సీసీ (సిమెంటు కాంక్రీటు) వేస్తే రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు కిందికవుతుంది. అందుకే మన వీధుల్లో పాత రోడ్డు తవ్వాకే కొత్తది వేయాలని నగరపాలక సంస్థకు వినతిపత్రం ఇచ్చాం. ఈ ఒక్క పని మీద మన అందరి ఇళ్ల విలువ ఆధారపడి ఉంది. దీన్ని వదలం.

కొత్త ఫ్లాటుతో పోటీ పడేవాళ్లు కొనేవాడికి ఒక మాట గుర్తు చేయండి. పూర్తయిన ధ్రువపత్రం రాకముందు ఫ్లాటు కొంటే సాధారణంగా ఐదు శాతం జీఎస్టీ పడుతుంది, 60 లక్షలకు మూడు లక్షలు. మన పాత ఇళ్లకు అది లేదు.

మిగతా పనులు

వానలకు ముందు మోరీల పూడిక తీయించాం. వెలగని వీధిదీపాలు మార్పించాం. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది. అమ్మిన సభ్యులు బకాయి లేదన్న పత్రం సంఘం నుంచి తీసుకుని, కరెంటు సర్వీసు, నల్లా, ఇంటిపన్ను కొత్త యజమాని పేరుకు మారాయో లేదో చూసుకోవాలి. మారకపోతే బకాయిల నోటీసులు పాత పేరుకే వస్తాయి. ఏప్రిల్ నెలాఖరులోపు ఇంటిపన్ను కడితే ఐదు శాతం రాయితీ ఉంది.

ఈ దసరాకు అమ్మాలనుకునేవారు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటిపన్ను రసీదు, అనుమతి ప్లాను జిరాక్సులతో జూన్ నెలాఖరులోపు ఏ ఆదివారమైనా కార్యాలయానికి రండి.

కార్యవర్గం