ఇస్త్రీ మాట చెప్పిన నర్సు అక్కకు కృతజ్ఞతలు

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఉగాండా పల్లెలో సువార్త సేవకు బయల్దేరుతున్న మా కుటుంబం తరఫున వందనాలు అక్కా.

ఎల్లో ఫీవర్ టీకా వేయించాక 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదనీ, పిల్లల ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) అదే రోజు పడకపోతే 4 వారాల ఎడం ఉండాలనీ చెప్పారు. టికెట్లు దాన్నిబట్టే తీశాం.

అన్నిటికన్నా విలువైంది ఇస్త్రీ మాట. ఆరుబయట ఆరేసిన తడి బట్టల మీద టుంబు ఈగ గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు చర్మంలోకి దూరితే సెగ్గడ్డలా లేస్తుంది. అందుకే లోదుస్తులు, పసిపిల్లల లంగోటీలతో సహా, కుట్ల దగ్గర ఆపి ఆపి, బాగా వేడిగా రుద్దాలి. కరెంటు లేని ఊళ్లో బొగ్గుల ఇస్త్రీపెట్టే దిక్కు. అది అక్కడి బజారులోనే దొరుకుతుందన్నారు. ఆ బరువుకు బదులు మందు పూసిన దోమతెరలు సర్దుకున్నాం.