కొండ కింద పేర్లు కూడా రాతి మీద ఉండాలి: అడవివరం రామకోవెల విరాళాల విజ్ఞప్తి

అడవివరం పెద్దలకు, అత్తవారిళ్లకు వెళ్లిన మా ఆడపడుచులకు, ఉద్యోగాల కోసం ఊరు దాటిన పిల్లలకు, కొత్తగా వచ్చి మా మధ్య ఇళ్లు కట్టుకున్న కుటుంబాలకు రామకోవెల కమిటీ నమస్కారాలు.

జ్యేష్ఠ పౌర్ణమి వెళ్లిపోయింది. సింహాచలం కొండ మీద అప్పన్నస్వామికి, అంటే వరాహ లక్ష్మీనరసింహస్వామికి, మూడో విడత చందనం సమర్పణ అయింది. ఇక ఆషాఢ పౌర్ణమికి నాలుగో విడత. దానికి ముందు రోజే గిరిప్రదక్షిణ. అంటే మన చేతిలో నిండా నెల కూడా లేదు. కొండ కింద మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరే జనం 32 కిలోమీటర్ల నడకలో ముందుగా వచ్చేది మన ఊళ్లోకే. ఏటా వాళ్లకు మజ్జిగ, మంచినీళ్లు ఇచ్చేది కోవెల మండపంలోనే. ఈ ఏడు ఆ మండపం కింద నలుగురిని కూర్చోబెట్టాలంటే మాకు ధైర్యం చాలడం లేదు. స్లాబు పెచ్చులు ఊడుతోంది. మొన్న కురిసిన వానకు గర్భగుడిలో కూడా కారింది, పూజారిగారు సీతమ్మవారికి గొడుగు పట్టించి హారతి ఇచ్చారు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ దాచి లాభం లేదు.

మన ఊరి చెయ్యి ఎప్పుడూ చిన్నది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు గుర్తుందా? కొండ వాలులో పనస, మామిడి, జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కోవెల ముందు రేకుల పందిరి ఎక్కడ పడిందో రెండు రోజులు తెలియలేదు. అప్పుడు ముందుగా వచ్చి కొత్త రేకులు వేయించింది తోటలు పోగొట్టుకున్నవాళ్లే. పెరట్లో సంపెంగ చెట్టు విరిగిపోయిన ఒక ముసలమ్మగారు, ఆ పూలే తన బతుకుతెరువు, చెవి దుద్దులు తీసి హుండీలో వేసింది. వద్దంటే వినలేదు. ఆవిడ ఇప్పుడు లేదు. ఆవిడ పేరు ఎక్కడా రాసి లేదు.

ఈ విజ్ఞప్తిలో నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

కొండెక్కి స్వామివారి గుడి గోడలు, స్తంభాలు ఒకసారి నిదానంగా చూడండి. వందల శాసనాలు ఉన్నాయి. వాటిలో పాతది కుళోత్తుంగ చోళుడి కాలం నాటిది, 1098-99లో వేయించినది. 13వ శతాబ్దంలో గాంగ రాజుల పాలనలో గుడిని కట్టించిన సంగతి రాతి మీద ఉంది. 1516లో కృష్ణదేవరాయలు కళింగం మీదికి వచ్చినప్పుడు తల్లిదండ్రుల పుణ్యం కోసం 991 ముత్యాల హారం ఇచ్చిన సంగతీ ఉంది. రాజుల పేర్లే కాదు, స్వామికి ఒక అఖండదీపం పెట్టించినవాళ్ల పేర్లు కూడా ఇన్ని వందల ఏళ్లుగా చెరగకుండా ఉన్నాయి.

మరి కొండ కింద ఉన్న మన సంగతి? మెట్ల దారిలో పూలు కట్టి ఇచ్చినవాళ్లు, కొండ మీదికి పాలు మోసినవాళ్లు, సన్నాయి ఊదినవాళ్లు, ఉత్సవాలకు పల్లకి బోయీలుగా భుజం పట్టినవాళ్లు, వీళ్ల పేర్లు ఏ స్తంభం మీద ఉన్నాయి? ఇంటికో అప్పన్న, వీధికి నలుగురు అప్పలరాజులు, సింహాచలాలు, అప్పలనరసమ్మలు ఉన్న ఊరు మనది. స్వామి పేరు మనం మోస్తున్నాం గానీ మన పేర్లు మోసే రాయి ఒక్కటి కూడా లేదు. బయటివాళ్లకు మన ఊరి పేరు చెబితే సెంట్రల్ జైలు ఉన్న చోటేనా అంటారు. పేపర్లో కనిపిస్తే వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లితో కలిపి పంచగ్రామాల భూసమస్య, అంటే దేవస్థానంతో భూముల తగాదా, అనే వార్తలోనే కనిపిస్తాం. ఈ ఊళ్లో పుట్టినవాడిగా నాకు ఇది బాధ కలిగిస్తుంది.

మన తాతలు తోటలు, పాడి నమ్ముకుని బతికారు. 1933లో విశాఖ పోర్టు తెరిచాక, ఆ తర్వాత షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు వచ్చాక, మగవాళ్లు సైకిల్‌కి కేరేజీ తగిలించుకుని షిఫ్టులకు వెళ్లడం మొదలైంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, నిద్రపోకుండా శనివారం భజనలో తాళం వేసినవాళ్లను నేను చూశాను. 2005లో ఊరు మహా విశాఖ కార్పొరేషన్‌లో కలిసింది. పంచాయతీ పోయి వార్డు అయింది. పెద్ద రోడ్డు వచ్చింది, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. అయినా తెల్లారేసరికి గేదె పాలు గుమ్మంలోకి వస్తాయి, కాపు వచ్చిన రోజుల్లో రోడ్డు పక్కన అనాసపళ్ల గంపలు దిగుతాయి. సగం ఊరు, సగం పట్నం. ఇంకో పాతికేళ్లకు ఈ సగం ఊరు కూడా ఉంటుందో లేదో.

అందుకే మండపం దక్షిణం గోడకు ఆరు నల్లరాతి పలకలు పెట్టించాలని సంకల్పం. పాత ఇళ్లు, ఇంటిపేర్లు, తోటల పేర్లు, పూడిపోయిన బావులు, భజన బృందంలో పాడినవాళ్లు, కోవెలకు ఎవరు ఏ సాయం చేశారో, అన్నీ తెలుగులో చెక్కిస్తాం. మూడేళ్లుగా ఇంటింటికీ తిరిగి రాసుకుంటున్నాను. రెండు నోటుపుస్తకాలు నిండాయి. నాకు చెప్పినవారిలో ఏడుగురు ఇప్పటికే కాలం చేశారు. పాత భజన పుస్తకం చెదలు తినగా మిగిలిన పదకొండు పేజీలు ప్లాస్టిక్ కవర్లో దాచాను.

ముందు స్లాబు కానివ్వండి, రాళ్ల సంగతి తర్వాత చూద్దామని కమిటీలో కొందరు అన్నారు. స్లాబు ముందే, అందులో మాటే లేదు. కానీ స్లాబు మళ్లీ పదేళ్లకైనా వేసుకోవచ్చు. తొంభై ఏళ్ల పెద్దాయన్ని పదేళ్ల తర్వాత వెళ్లి అడగలేం కదా! గోడ కొత్తగా పూస్తున్నప్పుడే పలకలు బిగిస్తే ఖర్చు కూడా కలిసొస్తుందని మేస్త్రీ చెప్పాడు.

ఇక లెక్క. స్లాబు, రంగులు, రాళ్లు, చెక్కుడు కూలి అన్నీ కలిపి 11 లక్షల దాకా అవుతుంది. చేతిలో ఉన్నది 4 లక్షల చిల్లర. కరెంటు పని ఇందులో కలపలేదు. పద్దు వివరాలు కోవెల నోటీసు బోర్డు మీద ఉన్నాయి, బ్యాంకు వివరాలూ అక్కడే చూడవచ్చు.

పోయిన శ్రీరామనవమికి మాట ఇచ్చినవారిలో చాలామంది ఇంకా ఇవ్వలేదు. ఎవరి ఇబ్బందులు వారివి, కాదనం. కానీ ఇంట్లో పెళ్లి కుదిరితే మొదటి శుభలేఖ రాముడి పాదాల దగ్గర పెట్టింది మీరే కదా బాబూ. ఆయన నెత్తిన నీళ్లు కారుతుంటే మీకు నిద్ర ఎలా పడుతుంది? డబ్బు లేకపోతే పది బస్తాల సిమెంటు ఇవ్వండి, రెండు రోజులు వచ్చి మట్టి మొయ్యండి. అదీ రసీదు పుస్తకంలో రాస్తాం.

శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారికి ఒక మాట. ఇది పాతవాళ్ల కోవెల అనుకోకండి. ఆరో పలక మీ కోసమే ఉంచాం. రాయి మీద ఎవరు ఎంత ఇచ్చారన్నది ఉండదు. పేరు, ఇంటిపేరు, చేసిన పని, అంతే. వంద ఇచ్చినా లక్ష ఇచ్చినా అక్షరాలు ఒకే సైజు.

రోజూ సాయంత్రం దీపారాధన అయ్యాక ఎనిమిదింటి వరకు మండపం బయట అరుగు మీద రసీదు పుస్తకంతో ఉంటాం. రాలేనివారు కబురు చేస్తే ఇంటికే వస్తాం. చెక్కేవాళ్లు వచ్చే సోమవారం కొలతలకు వస్తున్నారు. ఆ లోపు మీ తాతగారి పేరు, నాయనమ్మ పేరు, వాళ్లు ఏం పని చేసేవారో ఒక కాగితం మీద రాసి పంపండి. పాత ఫోటోలు ఉంటే తీసుకురండి, చూసి అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి,
రామకోవెల కమిటీ, అడవివరం