వార్షిక నివేదిక 2024-25: కమ్యూనిటీ హాల్లో జియు-జిట్సు తరగతులు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, కాలువ పూడికతీత, సంక్రాంతి ముగ్గుల పోటీ వగైరా పనుల వివరాలు ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టాం. లెక్కల కాగితం కూడా అక్కడే ఉంది. ఈ నివేదిక మాత్రం మన హాల్లో నడుస్తున్న బ్రెజిలియన్ జియు-జిట్సు తరగతుల గురించే. ఎదుటివాణ్ని కొట్టకుండా, నేల మీద పట్టి లొంగదీసే విద్య ఇది. పోయిన సర్వసభ్య సమావేశంలో ఎక్కువ ప్రశ్నలు వీటి మీదే వచ్చాయి. "వేరే క్లాసుల్లో మూడు నెలలకో రంగు బెల్ట్ ఇస్తున్నారు, మావాడు ఏడాదిగా తెల్ల బెల్ట్‌తోనే తిరుగుతున్నాడు, అసలేం నేర్పుతున్నారు?" అని ఒక తండ్రి అడిగారు. న్యాయమైన ప్రశ్నే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ఈ విద్యలో బెల్టులు తక్కువ, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం ఎక్కువ. పెద్దవాళ్లకు తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు. పదహారేళ్ల లోపు వాళ్లకు నీలం ఇవ్వరు. అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ నియమాల ప్రకారం నీలంలో కనీసం 2 ఏళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమలో ఏడాది ఉండాలి. ఇవి కనీస గడువులే. తెలుపుతో మొదలుపెట్టినవాళ్లు నలుపు దాకా వెళ్లడానికి మామూలుగా పదేళ్లు పడుతుంది. పిల్లలకు వేరే వరస ఉంది: తెలుపు, బూడిద, పసుపు, నారింజ, ఆకుపచ్చ. పసుపుకు 7, నారింజకు 10, ఆకుపచ్చకు 13 ఏళ్లు రావాలి. మధ్యలో బెల్ట్ కొసన టేపు చుడతారు, స్ట్రైప్ అంటారు. ఒక్కో బెల్ట్‌కు మామూలుగా నాలుగు.

మన కోచ్‌ది ఊదా బెల్ట్. స్ట్రైప్‌లు ఆయనే వేస్తారు. బెల్ట్ మార్చాలంటే మాత్రం బెంగళూరు నుంచి ఆయన గురువుగారు రావాలి, ఒక్కొక్కరితో పట్టు పట్టి చూడాలి. ఈసారి ఆయన వచ్చినప్పుడు పిల్లల్లో కొందరికి బూడిద వచ్చింది. పెద్దల బ్యాచ్‌లో నీలం వచ్చింది ఒక్కరికే. టెస్టు ఫీజులంటూ లేవు. ఫీజు పెట్టి త్వరత్వరగా బెల్టులిస్తే సంఘానికి నాలుగు డబ్బులొస్తాయని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. కమిటీ ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే నేను ఈ పదవిలో ఉండేవాణ్ని కాదు.

ఇక నేర్పేది ఏమిటంటే, జూన్‌లో బడులు తెరిచాక కోచ్ పద్ధతి మార్చారు. అంతకుముందు రోజుకు మూడు నాలుగు కొత్త పట్లు చూపించేవారు. పిల్లలు ఇంటికెళ్లి యూట్యూబ్‌లో ఇంకో పది చూసేవాళ్లు. పట్ల పేర్లన్నీ గడగడా చెప్పేవాళ్లు, తీరా ఎవరైనా పైకెక్కి కూర్చుంటే కదల్లేకపోయేవాళ్లు. ఇప్పుడు తరగతి మొదట్లో కొత్త పట్టేమీ ఉండదు. హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేల మీద కదలికలే.

వాటిలో ముఖ్యమైనది ష్రింపింగ్, మన పిల్లల భాషలో రొయ్య నడక. వెల్లకిలా పడుకుని, ఒక పాదం నేలకు తన్ని పెట్టి, పక్కకు ఒరిగి నడుమును వెనక్కి తోస్తారు. చూడ్డానికి నవ్వొస్తుంది. కానీ మీద పడ్డవాడికీ మనకూ మధ్య జానెడు చోటు పుట్టేది దీనితోనే, ఆ చోటులోకే మోకాలు దూరుతుంది. రెండోది బ్రిడ్జ్: మడమలు పిరుదుల దగ్గరికి లాక్కుని, ఒక భుజం మీదుగా నడుము పైకెత్తడం. మూడోది లేవడం. ఒక చెయ్యి, ఎదురు పాదం నేల మీద ఆనించి, రెండో కాలిని కింద నుంచి వెనక్కి లాగి, కళ్లు ఎదుటివాడి మీద నుంచి తిప్పకుండా నిలబడాలి. చివరగా పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, చేతులతో నేలను చరుస్తూ పడతారు. జియు-జిట్సు మాట ఎలా ఉన్నా, వానకు జారే మన మేడమెట్ల మీద ఇదొక్కటి వచ్చినా చాలనిపించింది నాకు.

తర్వాత ఆ రోజు పాఠం, ఒక్క పొజిషన్‌లోనే. ఉదాహరణకు మౌంట్ తీసుకుంటే, ఒకరు పొట్ట మీద కూర్చుంటారు, కిందివాళ్లు బయటపడాలి. రెండు నిమిషాలు నిజంగానే పెనుగులాడతారు. బయటపడితే మళ్లీ అదే చోట మొదలు, తర్వాత పైవాళ్లు కిందికి. మర్నాడు సైడ్ కంట్రోల్ (పక్క నుంచి అడ్డంగా పడి అదమడం), ఇంకో రోజు వీపు పట్టు (వెనక నుంచి పట్టుకోవడం). ఫ్రీగా రోల్ చేయడం, అంటే ఇష్టమొచ్చిన పట్లతో పెనుగులాడటం, చివరి పావుగంటే. "వట్టి డ్రిల్లులే, బోరు" అని మొదట్లో కొందరు మానేశారు. వాళ్లలో సగం మంది మళ్లీ వచ్చారు.

పురోగతిని కోచ్ ఒక నోటుబుక్కులో రాస్తున్నారు. నేను అడిగి చదివాను. "ఆర్మ్‌బార్ వచ్చు, ట్రయాంగిల్ వచ్చు" లాంటి పట్ల జాబితాలు అందులో లేవు. "మౌంట్ కింద ఉన్నప్పుడు ఇప్పుడు మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఉంచుతున్నాడు, పైవాడి మెడ కౌగిలించుకోవడం మానేశాడు" అని ఒక ఆరో తరగతి అబ్బాయి గురించి ఉంది. "గార్డ్ (కిందివాళ్లు కాళ్లతో వేసే అడ్డు) దాటుతుంటే ఊపిరి బిగబట్టేది, ఇప్పుడు మాట్లాడుతూ ఆడుతోంది" అని ఇంకో అమ్మాయి గురించి. బ్యాంకులో పనిచేసే మన సభ్యుడి గురించి ఒక్క ముక్కే: "తొందర తగ్గింది." తల్లిదండ్రులు ప్రతి నెలా మొదటి శనివారం ఆ బుక్కు అడిగి చూడొచ్చు. బెల్ట్ రంగు కంటే అందులోనే ఎక్కువ తెలుస్తుంది.

మన కాలనీలో ఒకప్పుడు కుస్తీ పట్టిన పెద్దాయన, "మనకు మల్లయుద్ధం ఉండగా ఈ బ్రెజిల్ విద్య ఎందుకయ్యా?" అని మొదటి నుంచీ అంటున్నారు. నిజానికి దీని వేరు బ్రెజిల్‌లో కాదు, జపాన్ జూడోలో ఉంది. జపాన్‌లోని జూడో శిక్షణాలయం కొడోకాన్‌లో శిక్షణ పొందిన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరారు. ఆయన దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నారు. ఒంట్లో బలం అంతగా లేని తమ్ముడు హీలియో, నేల మీద నుంచి పోరాడే పద్ధతికి పదును పెట్టారు. 1993లో అమెరికాలో జరిగిన వేర్వేరు విద్యలవాళ్లు తలపడే యూఎఫ్‌సీ మొదటి పోటీలో హీలియో కొడుకు రాయిస్ తనకంటే బరువైనవాళ్లను లొంగదీశాక ప్రపంచం ఇటు చూసింది. కుస్తీలో వీపు నేలకు తగిలితే ఓటమి. ఇక్కడ వీపు నేల మీద ఉన్నప్పుడు కూడా కాళ్లతో పట్టి గెలవచ్చు. పెద్దాయన ఒకరోజు గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని అంతా చూశారు. అభిప్రాయం మార్చుకోలేదు గానీ పిల్లలకు నిలబడి పట్టే పట్లు రెండు చూపించి వెళ్లారు. అవి మనకు బాగా కావలసినవే, ఎందుకో కింద చెబుతాను.

మార్చిలో మనవాళ్లు కొందరు చెన్నైలో ఒక పోటీకి వెళ్లారు. ఒక్క కాంస్యం తప్ప చెప్పుకోదగ్గ ఫలితం లేదు. కానీ ఓడిన తీరు చూడండి. పాయింట్ల లెక్కలో, నిలబడ్డవాణ్ని పడేసే టేక్‌డౌన్‌కు 2, కింద నుంచి తిప్పి పైకొచ్చే స్వీప్‌కు 2, గార్డ్ దాటితే 3, మౌంట్‌కూ వీపు పట్టుకూ 4 చొప్పున. దేన్నయినా మూడు సెకన్లు నిలబెట్టాలి. పెద్దల తెల్ల బెల్ట్ మ్యాచ్ 5 నిమిషాలే. మనవాళ్లను నేల మీద లొంగదీసినవాళ్లు తక్కువ. చాలామంది మొదట్లోనే టేక్‌డౌన్‌తో 2 పాయింట్లు ఇచ్చేసి, ఆ తేడాతోనే ఓడారు. నిలబడి పడేయడం మన దగ్గర సాధన చేయించడం లేదు. చేయించాలంటే మ్యాట్ మందంగా ఉండాలి. మనవి 20 ఎం.ఎం. ముక్కల మ్యాట్‌లు, ఆనాడు ఉన్న నిధులకు అవే వచ్చాయి. వాటి అతుకుల్లో కాలి వేళ్లు ఇరుక్కుంటున్నాయి కూడా. 40 ఎం.ఎం. మ్యాట్‌లు వేసి, పైన గుడ్డ బిగించాలని కమిటీ తీర్మానించింది. ఈ ఏడాది విరాళాలు అడిగేది దీనికే.

దెబ్బల విషయం దాచడం లేదు. ఒక కుర్రాడు, మోచేతిని వెనక్కి వంచే ఆర్మ్‌బార్‌లో రోషానికి పోయి ట్యాప్ చేయలేదు (ఓటమి ఒప్పుకుంటూ తట్టలేదు), మోచేయి బెణికింది. కొన్ని వారాలు విశ్రాంతి తీసుకుని ఇప్పుడు బాగానే ఉన్నాడు. అప్పటి నుంచి చేత్తో, కాలితో, నోటితో, ఎలా ట్యాప్ చేసినా ఆ క్షణమే వదలాలన్న నియమంతో పాటు, చెయ్యి పూర్తిగా చాపుకుపోతే ఎదుటివాడు ట్యాప్ చేయకపోయినా ఆపేయాలని కోచ్ పెట్టారు. వానల నెలల్లో తామర పాకింది. తరగతులు ఆపి, మ్యాట్‌లను బ్లీచింగ్ నీళ్లతో కడిగించాం. గోళ్లు కత్తిరించుకోవాలి, గీ (సాధనకు వేసుకునే మందపాటి దుస్తులు) ప్రతిసారీ ఉతకాలి, ఒంటి మీద మచ్చ కనబడితే డాక్టర్‌కు చూపించాకే రావాలి. తడి గీని బ్యాగులో కుక్కి రెండు రోజుల తర్వాత అదే తెచ్చేవాళ్లను వెనక్కి పంపిస్తున్నాం. దయచేసి నొచ్చుకోవద్దు.

ఆడపిల్లల సంఖ్య పెరిగింది. తల్లులు అడిగినట్టు మంగళ, గురువారాల్లో వాళ్లకు వేరే బ్యాచ్ ఉంది. ఇద్దరు తల్లులు కూడా చేరారు. వాళ్ల గురించి నోటుబుక్కులో ఏముందో వాళ్లనే అడగండి, చెప్పొద్దని నాకు ఆర్డరు.

మేలో ఎండల వల్ల తరగతులు తెల్లవారుజామున ఐదున్నరకు మార్చి, గీ లేకుండా టీషర్టులతో నడిపాం. గంగమ్మ జాతర వారం సెలవు ఇచ్చాం. బ్రహ్మోత్సవాల రోజుల్లో కొండ మీద డ్యూటీ పడిన తల్లిదండ్రుల పిల్లలను పక్కింటివాళ్లు తీసుకొచ్చి దిగబెట్టారు, వాళ్లకు కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి పెద్ద చిక్కు హాలు బుకింగ్. ముహూర్తాల రోజుల్లో మ్యాట్‌లు ఎత్తి, పెళ్లివారు వెళ్లాక కడిగి పరవడానికే సాయంత్రం అయిపోతోంది. పెళ్లికి హాలు కావలసిన సభ్యులు కనీసం నెల ముందు ఆఫీసులో రాయించండి. పిల్లలకు పొట్టివైపోయిన గీలు ఉతికి ఇస్తే కొత్తగా చేరేవాళ్లకు సైజు చూసి ఇస్తాం. కొత్త బ్యాచ్ దరఖాస్తులు జూన్ మొదటి వారం నుంచి ఆఫీసులోనే తీసుకుంటారు.

ఇట్లు,
కార్యదర్శి, కాలనీ సంఘం, తిరుపతి