ముందు ఆక్సిజన్ లెక్క చూడండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో అణు ఇంధన మిషన్‌కు 20,000 కోట్ల రూపాయలు ప్రకటించాక అణు ప్రమాదాల ముచ్చట మళ్లీ మొదలైంది. వచ్చిన ప్రతిసారీ అది రేడియేషన్ నుంచి థైరాయిడ్‌ను కాపాడే అయోడిన్ మాత్రల దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఉత్తర తెలంగాణకు, గోదావరి ఒడ్డు మండలాలకు ఆ మాత్రలు దాదాపు పనికిరావు. మన దవాఖానలు సిద్ధం కావలసింది ఊపిరి అందని మనుషుల కోసం. ఈ లేఖంతా ఆ ఒక్క విషయం గురించే.

వరంగల్‌కు 500 కిలోమీటర్ల లోపు అణు విద్యుత్ రియాక్టర్ ఒక్కటీ లేదు. తమిళనాడులోని కల్పాక్కం, కర్ణాటకలోని కైగా రెండూ అంతకన్నా దూరమే. మనకు దగ్గర్లో ఉన్న అణుశక్తి విభాగం కర్మాగారం అశ్వాపురం మండలంలోని మణుగూరు భారజల కర్మాగారం. 1991 నుంచి నడుస్తోంది. అణు రియాక్టర్లలో వాడే ఈ భారజలానికి రేడియోధార్మికత లేదు. మామూలు నీటిలోనే అతి స్వల్పంగా ఉండే డ్యుటీరియాన్ని (బరువైన హైడ్రోజన్‌ను) పోగుచేస్తే వచ్చేది అది. అయితే పోగుచేసే పద్ధతికి పెద్ద మొత్తంలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కావాలి. సుమారు 30 డిగ్రీల చల్లని స్తంభంలో, 130 డిగ్రీల వేడి స్తంభంలో ఈ వాయువునూ నీటినీ ఎదురెదురుగా పంపిస్తారు, అదీ అధిక పీడనంలో. అందుకే ఇక్కడ ప్రణాళిక వేయవలసింది గ్యాస్ కోసం. ప్రమాదం జరుగుతుందని మేం అనడం లేదు. జరిగితే ముందు దెబ్బతినేది మనిషి శ్వాస అని చెబుతున్నాం.

ఈ వాయువు సంగతి మన ఊళ్లలో చాలామందికి తెలుసు. మ్యాన్‌హోల్‌లో, సెప్టిక్ ట్యాంకులో ఒకరు దిగి పడిపోవడం, ఆయనను తీయబోయి ఇంకొకరు పడిపోవడం పేపర్లలో చూస్తూనే ఉంటాం. అక్కడ చంపే వాయువుల్లో ఇదొకటి. ఒక పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు) కన్నా తక్కువున్నా కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. 100 పీపీఎం దగ్గర కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారుతుంది, వాసన తెలియదు. వాసన పోయింది కదా, గ్యాస్ పోయిందనుకుని జనం వెనక్కి వెళ్లే ప్రమాదం ఇక్కడే ఉంది. ఊళ్లలో అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన మాట ఇదే. 200, 300 దాటితే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలవుతుంది. 500 పైన నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. 1000 దగ్గర ఒకటి రెండు శ్వాసలు చాలు.

గాలికన్నా సుమారు ఐదో వంతు బరువైనది కాబట్టి ఇది వాగులు, పల్లాలు, కాలువల వెంట పాకుతుంది. గాలి ఆడని చలికాలపు రాత్రులు, తెల్లవారుజాములు దీనికి అనువైన సమయం. ఆ వేళకు జనం నిద్రలో ఉంటారు. తలుపులు మూసుకుని లోపలే ఉండమనే సలహా కాంక్రీటు ఇంటికి కొంతసేపు పనికొస్తుంది. రేకుల ఇంటికీ, పెంకుటింటికీ సందులు ఎక్కువ, అక్కడ ఆ సలహా ఎక్కువసేపు నిలవదు. అలాంటి ఊరికి 'గాలికి అడ్డంగా నడవండి, మెరక ఎక్కండి' అని చెప్పాలి. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి గ్రామ పంచాయతీ భవనం మీద ఒక గాలిసంచి కట్టి, రాత్రిపూట దాని మీద లైటు పడేలా చూడాలి. ఖర్చు పెద్దగా ఉండదు. సర్జికల్ మాస్కు, ఎన్95 మాస్కు, తడి తువ్వాలు ఈ వాయువును ఆపవు. ఎన్95 ధూళిని ఆపుతుంది, అంతవరకే. మూసి ఉన్న చోటికో, గ్యాస్ నిలిచిన పల్లానికో గాలి సిలిండరు వీపున కట్టుకోకుండా ఎవరూ దిగకూడదు. పోలీసు కానిస్టేబులైనా, 108 సిబ్బందైనా ఇదే నియమం.

ఇక దవాఖాన సంగతి. ఈ విషం కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా శరీరానికి అందదు. అందుకే పల్స్ ఆక్సిమీటర్ 97, 98 చూపించవచ్చు. ఆ అంకె చూసి మనిషిని ఇంటికి పంపడం పీహెచ్‌సీలో జరగగల పెద్ద పొరపాటు. కాసేపైనా స్పృహ తప్పినవారిని, ఆగని దగ్గు, గుండె పట్టేసినట్టు ఉన్నవారిని కనీసం 24 గంటలు పరిశీలనలో ఉంచాలి. ఊపిరితిత్తుల్లో నీరు ఆలస్యంగా, ఒక్కోసారి రెండో రోజు కూడా చేరవచ్చు. ఇంకో గుర్తు ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే వెండి నల్లబడుతుంది. ఏ గ్యాసో తెలియక డాక్టరు తికమకపడుతున్నప్పుడు రోగి కాళ్ల కడియాలు, పట్టీలు, జేబులోని నాణేలు చూడాలి. చికిత్సలో మొదటిది, ముఖ్యమైనది నూరు శాతం ఆక్సిజన్, సంచి ఉన్న మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు. విరుగుడుగా ఇచ్చే నైట్రైట్ ఇంజెక్షన్ మేలు చేస్తుందా లేదా అన్నది వైద్యుల్లో ఇంకా వివాదమే. దాని కోసం వెతుకుతూ ఆక్సిజన్ ఆలస్యం చేయకూడదు.

ఇక్కడే లెక్క తేడా వస్తుంది. బి-టైప్ సిలిండర్‌లో దాదాపు 1,500 లీటర్లు పడతాయి. నిమిషానికి 15 లీటర్ల చొప్పున అది 100 నిమిషాల్లో ఖాళీ. అశ్వాపురం నుంచి వరంగల్ ఎంజీఎంకు అంబులెన్సులో మూడు గంటలకు తక్కువ పట్టదు. ఒకే సిలిండర్‌తో బయల్దేరిన రోగికి సగం దారిలోనే ఆక్సిజన్ అయిపోతుంది. దగ్గర్లోని భద్రాచలం ఏరియా దవాఖానలో 50 మందిని చేర్చుకున్నారనుకోండి. నిమిషానికి 750 లీటర్లు, గంటకు 45,000 లీటర్లు. 7,000 లీటర్ల డి-టైప్ సిలిండర్లు గంటకు ఆరున్నర దాకా కావాలి. ఎనిమిది గంటల ఒక రాత్రికి యాభై దాటుతాయి. కోవిడ్ కాలంలో దేశమంతా పెట్టిన, గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే పీఎస్ఏ ప్లాంట్లలో నిమిషానికి 500 లీటర్లది ఒక్కటే ఉంటే సరిపోదు, అదీ అది పనిచేస్తేనే. పీఎస్ఏ ప్లాంటు వాడకుండా వదిలేస్తే పాడవుతుంది. కంప్రెసర్ వెనక ఉండే డ్రయ్యర్ సరిగా లేక, గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఆపే జియోలైట్‌లోకి తేమ చేరితే ఆక్సిజన్ శుద్ధత పడిపోతుంది. పైకి ప్లాంటు మోగుతూనే ఉంటుంది, మాస్కులోకి వచ్చేది మాత్రం పలచని ఆక్సిజన్. శుద్ధత 90 శాతం కన్నా తగ్గకూడదు. కాబట్టి వారానికొకసారి పూర్తి లోడు మీద ఒక గంట నడిపి, ఆ అంకెను రిజిస్టరులో రాయించండి. భద్రాచలం, మణుగూరు, కొత్తగూడెం, ములుగు, ఎంజీఎంలలోని ప్లాంట్ల రిజిస్టరు ప్రజలకు కనిపించేలా పెట్టండి. ఇప్పటికే పెట్టి ఉంటే ఎక్కడ చూడాలో చెబితే చాలు.

అణు పరిశ్రమలో ఊపిరితిత్తులకు దెబ్బ రసాయనం వల్లనే తగిలిన సంఘటనలు ప్రపంచంలో ఉన్నాయి. 1986 జనవరి 4న అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం గోర్ పట్టణం దగ్గరి కర్మాగారంలో, అణు ఇంధనం తయారీలో వాడే యురేనియం హెక్సాఫ్లోరైడ్ సిలిండర్‌ను పరిమితికి మించి నింపారు. ఎక్కువైనదాన్ని తీయడానికి వేడిచేస్తే అది పగిలింది. ఆ పదార్థం గాలిలోని తేమను తాకితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. ఒక కార్మికుడు చనిపోయింది ఆ ఆమ్లం ఊపిరితిత్తులను కాల్చడం వల్ల, యురేనియం రేడియేషన్ వల్ల కాదు. అలాంటి రోగికి 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 1 మి.లీ.ను 3 మి.లీ. సెలైన్‌లో కలిపి నెబ్యులైజర్‌తో ఇస్తారు. ఎమర్జెన్సీ గదిలో ఈ రెండూ ఎట్లాగూ ఉంటాయి. ఎంత కలపాలో గోడ మీద రాసి ఉండాలి, అంతే.

రేడియేషన్ వల్లనే ఊపిరితిత్తులకు హాని లేదా అంటే, ఉంది. కానీ ఎంత మోతాదుకు, ఎవరికి అన్నది చూడాలి. ఊపిరితిత్తులకు ఒకేసారి సుమారు 8 గ్రే (శరీరం పీల్చుకున్న రేడియేషన్‌కు కొలమానం) తగిలితే నెల నుంచి ఆరు నెలల్లోపు వాపు వచ్చి, తర్వాత మచ్చకట్టే ముప్పుంది. అంత మోతాదు రియాక్టర్ పక్కనున్నవారికే పడుతుంది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు కేంద్రంలో జరిగిన ప్రమాదంలో తీవ్ర రేడియేషన్ జబ్బు నిర్ధారణ అయిన 134 మందిలో 28 మంది ఆ ఏడాదే చనిపోయారు. వారిలో ఎక్కువమందిని చంపింది ఎముక మజ్జ దెబ్బ, చర్మం కాలిన గాయాలు. శుభ్రపరిచే పనికి వెళ్లిన దాదాపు ఆరు లక్షల మందిలో దీర్ఘకాలిక బ్రాంకైటిస్ ఎక్కువగా కనిపించిందని అక్కడి వైద్యులు రాశారు. దుమ్ములో పనిచేయడం, పొగతాగడం కలిసిపోవడంతో రేడియేషన్ వాటా ఎంతో విడదీయడం కష్టమైంది. సోవియట్ యూనియన్‌లోని మాయక్ అణు కర్మాగారంలో ప్లుటోనియం ధూళి పీల్చిన కార్మికుల సంగతి వేరు. వారికి ఊపిరితిత్తులు మచ్చకట్టడం, క్యాన్సర్ రెండూ రుజువయ్యాయి. ప్రమాదం జరిగిన ఫుకుషిమా అణు కేంద్రంలో పనిచేసి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయిన ఒక కార్మికుడికి జపాన్ ప్రభుత్వం 2018లో పరిహారానికి అర్హత గుర్తించింది.

అయోడిన్ మాత్ర ఊపిరితిత్తులను కాపాడదు. థైరాయిడ్‌లోకి రేడియో అయోడిన్ చేరకుండా మాత్రమే ఆపుతుంది. పెద్దలకు 130 మి.గ్రా. పొటాషియం అయోడైడ్, 3 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 65, నెల నుంచి మూడేళ్ల లోపు వారికి 32, నెల లోపు పసివారికి 16. ఎక్స్‌పోజర్‌కు ముందో, జరిగిన రెండు గంటల్లోపో వేస్తేనే పూర్తి ప్రయోజనం. ఒక రోజు దాటాక మేలుకన్నా కీడే ఎక్కువ. గాయానికి పూసే టింక్చర్, పోవిడోన్ తాగితే గొంతు, కడుపు దెబ్బతింటాయి. ఈ నాలుగు ముక్కలు ఆశా కార్యకర్తలకు ఇప్పుడే చెప్పి ఉంచితే, ఎక్కడో ప్రమాదం జరిగిందన్న వదంతి లేచిన రోజున మెడికల్ షాపుల ముందు వరుసలు కట్టరు.

ఫుకుషిమా నేర్పిన ఇంకో పాఠం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు. 2011 మార్చిలో రేడియేషన్ భయంతో ముసలివారిని, మంచాన పడ్డవారిని హడావుడిగా బస్సుల్లో తరలించారు. ఒక దవాఖాన నుంచి తరలించినవారిలో పదుల సంఖ్యలో చనిపోయారు. అక్కడికి దగ్గర్లోని మినామిసోమా పట్టణం వృద్ధాశ్రమాల నుంచి తరలించినవారిలో మరణాల రేటు అంతకుముందుతో పోలిస్తే సుమారు 2.7 రెట్లు అయింది. చలి, నీళ్లు అందకపోవడం, మందులు తప్పిపోవడం, పడుకోబెట్టి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావడం, ఇవీ అట్లాంటి ప్రయాణాల్లో ప్రాణాలు తీసేవి. కాబట్టి ప్రతి సబ్ సెంటర్‌లో ఒక జాబితా ఉండాలి: ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్నవారు, టీబీ మందులు వాడుతున్నవారు, మంచం దిగలేనివారు, నిండు గర్భిణులు. మూడు నెలలకొకసారి ఏఎన్ఎం సరిచూడాలి. తరలించేటప్పుడు తల వైపు 30 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, దారిలో తినిపించకూడదు, మందుల చీటీ చొక్కాకు పిన్నుతో గుచ్చాలి. గ్యాస్ ప్రమాదంలో తరలింపుకు నిమిషాలే ఉంటాయి. రేడియేషన్ ప్రమాదంలో చాలా సందర్భాల్లో గంటలుంటాయి. రెండింటికీ ఒకే ఆదేశం ఇస్తే ఏదో ఒకచోట జనం నష్టపోతారు.

అన్నిటికన్నా ఆలస్యం చేయకూడనిది ముందస్తు కొలత. చెర్నోబిల్‌లో విడదీయలేని చిక్కు మనకు ఇంకా పెద్దది. మణుగూరు చుట్టూ సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉన్నాయి. పత్తి చేల దుమ్ము, వంటచెరకు పొగ, బీడీ సరేసరి. ఏదైనా జరిగాక దమ్ము వస్తోందని మనుషులు వస్తే, అది ముందునుంచే ఉందా, గ్యాస్ వల్ల వచ్చిందా అన్నది చెప్పలేం. పరిహారం లెక్కలు అక్కడే ఇరుక్కుంటాయి. అశ్వాపురం, మణుగూరు, పినపాక, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల, మంగపేట మండలాల్లో పదేళ్లు దాటిన పిల్లలు, పెద్దల నుంచి ఇంటింటి జాబితాలో యాదృచ్ఛికంగా ఎంచి స్పైరోమెట్రీ (మిషన్‌లోకి ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్ష) చేయించండి. గని, కర్మాగారం కాంట్రాక్టు కార్మికులను వదలొద్దు.

పరీక్ష చెడగొట్టేవి మూడున్నాయి. రోజూ 3 లీటర్ల సిరంజితో మిషన్ సరిచూడకపోవడం మొదటిది, తేడా 3 శాతం దాటకూడదు. రెండోది, రోగి మెల్లగా ఊదినా అంకె రాసేయడం. ఒక్క ఉదుటున ఊది, ఇక రావడం లేదన్నదాకా వదలాలి.  మూడు మంచి ప్రయత్నాలు రావాలి, వాటిలో పెద్దవి రెండింటి మధ్య 150 మి.లీ.కి మించి తేడా ఉండొద్దు. మూడోది, శ్వాసనాళాలను వదులుచేసే సాల్బ్యుటమాల్ 400 మైక్రోగ్రాములు స్పేసర్‌తో ఇచ్చి 15 నిమిషాలు ఆగి మళ్లీ చేయకపోవడం. అది చేయకుంటే ఆస్తమాకూ, శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే సీఓపీడీకీ తేడా తెలియదు. కోయ కుటుంబాల వారికి వారి భాషలో 'ఊదు, ఊదు' అని ఉత్సాహపరిచే మనిషి పక్కనుంటే ఫలితాలు మెరుగవుతాయి. కాగితాలు కాకతీయ మెడికల్ కాలేజీలో భద్రపరచండి, ప్రతి ఒక్కరికీ వారి నకలు ఇవ్వండి.

1989 ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం కర్మాగారం బయటి అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత, ఏటా ఒకసారైనా రిహార్సల్ జరపాలి. ఈ చలికాలంలో ఆ రిహార్సల్‌ను తెల్లవారుజామున నాలుగింటికి, ముందు ప్రకటించకుండా పీహెచ్‌సీల స్థాయిలో చేయించండి. సైరన్ మోగిన ఎన్ని నిమిషాలకు మొదటి ఆక్సిజన్ మాస్కు పెట్టారు, ఎన్ని సిలిండర్లు నిండుగా ఉన్నాయి, 108 వాహనంలో రెండో సిలిండర్ ఉందా లేదా, ఈ మూడూ రాయించండి. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు కలెక్టర్ల సంతకాలతో ఆ కాగితాన్ని తెలుగులో, మండల కార్యాలయం నోటీసు బోర్డు మీద అంటించమని కోరుతున్నాం.

ఇట్లు,
ఊపిరితిత్తుల వైద్యం, అత్యవసర వైద్యం, పారిశ్రామిక భద్రత రంగాల్లో పనిచేస్తున్న కొందరు
వరంగల్